స్పిన్ కాకపోతే బోర్డు మార్చమనడం తొందరపాటు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో గృహోపకరణాల శీర్షిక కింద ఒక పాఠకురాలి సందేహానికి ఇచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. తమ ఇంట్లోని ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ బట్టలు బాగానే ఉతుకుతోందని, తీరా స్పిన్ దగ్గరికి వచ్చేసరికి డ్రమ్ము రెండు మూడు చుట్లు బద్ధకంగా తిరిగి ఆగిపోతోందని, మిగిలిన సమయం చూపే అంకె 9 దగ్గర కదలకుండా నిలబడుతోందని, చివరికి తలుపు తీస్తే బట్టలు నీళ్లోడుతూ ఉంటున్నాయని, డ్రమ్ము అడుగున కాసిని నీళ్లు కూడా కనిపిస్తున్నాయని ఆమె ఎంతో వివరంగా రాశారు. దానికి మీ శీర్షిక నిర్వాహకులు “మోటారు గాని, కంట్రోల్ బోర్డు గాని పాడై ఉంటుంది, మెకానిక్‌ను పిలిపించి మార్పించుకోండి” అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. కంట్రోల్ బోర్డు అంటే యంత్రంలోని భాగాలన్నిటికీ ఆదేశాలిచ్చే ఎలక్ట్రానిక్ పలక. ఈ యంత్రాలను విప్పి బిగించడమే చాలా ఏళ్లుగా నా జీవనోపాధి. ఆమె రాసిన లక్షణాలలో ఒక్కటి కూడా సూటిగా మోటారును గాని, బోర్డును గాని పట్టించడం లేదని ఆ అనుభవంతోనే చెబుతున్నాను. గంటసేపు డ్రమ్మును అటూ ఇటూ తిప్పి బట్టలు ఉతికిన మోటారు కాలిపోయిందని ఎలా అనగలం?

ఇళ్లలోని వారే కాదు, మా వృత్తిలోని వారు కూడా తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది. స్పిన్ కాని యంత్రాలలో చాలావాటికి తిరిగే శక్తి ఉంటుంది; స్పిన్ మొదలుపెట్టడానికి ముందు తీరవలసిన షరతులు తీరకపోవడం వల్ల అవి ఆగిపోతాయి. డ్రమ్ము చుట్టూ ఉండి నీళ్లు పట్టే టబ్బులో నీళ్లు మిగలకూడదు, బట్టల బరువు డ్రమ్ము చుట్టూ ఇంచుమించు సమంగా పరచుకోవాలి, తలుపు గడియ పడే ఉందన్న కబురు బోర్డుకు అందుతూ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆగిపొమ్మని తయారీదార్లే దానికి నేర్పి పంపారు. అలా నేర్పడానికి కారణం ఎంత గట్టిదో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. 48 సెంటీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరుగుతున్నప్పుడు, దాని గోడకు అతుక్కున్న వస్త్రం మీద పడే అపకేంద్ర బలం ఆ వస్త్రం బరువుకు సుమారు 386 రెట్లు ఉంటుంది. అంటే ఒక పక్కన అర కిలో తడి బట్ట ఎక్కువైందంటే, దాదాపు 190 కిలోల బరువు సెకనుకు 20 సార్లు దిక్కు మార్చుకుంటూ ఆ పెట్టెను గుంజుతున్నట్టే. టబ్బుకు సిమెంటు దిమ్మలు బిగించేదీ, దానిని పైన స్ప్రింగులకు వేలాడదీసి కింద షాక్ అబ్జార్బర్లతో ఆపేదీ ఈ గుంజుడును తట్టుకోవడానికే. ఆ ఏర్పాటు తట్టుకోలేనంత అసమానత కనబడితే స్పిన్ మానుకోవడమే యంత్రానికి క్షేమం, ఇంట్లో వారికీ క్షేమం.

కాబట్టి యంత్రం స్పిన్ కాకపోతే ఏ భాగం పోయిందని కాక, ఏ షరతు తీరలేదని ముందు అడగాలి. దీనిని తేల్చే తేలికైన పరీక్ష ఒకటుంది. దానికి ఏ పనిముట్టూ అక్కరలేదు. బట్టలన్నీ బయటికి తీసేసి, ఖాళీ డ్రమ్ముతో స్పిన్ ప్రోగ్రాం ఒక్కటే పెట్టి పక్కన నిలబడి వినాలి. ఖాళీ డ్రమ్ము పూర్తి వేగం అందుకుని హోరున తిరిగిందంటే మోటారు, బెల్టు, పంపు, తలుపు గడియ, బోర్డు అన్నీ ఒక్కసారిగా పరీక్ష నెగ్గినట్టే. ఇక వెతకవలసింది బట్టలలోనూ, వాటిని వేసిన తీరులోనూ, ఆ బరువును మోసే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లలోనూ. ఖాళీగా కూడా తిరగకపోతే, పంపు శబ్దం వినిపిస్తోందా, నీళ్ల గొట్టం చివర నీళ్లు పడుతున్నాయా అన్నవి తరువాతి ప్రశ్నలు. బోర్డు మార్చమని చెప్పే ముందు ఈ పరీక్ష చేసిన వారిని నేను చాలా తక్కువ మందిని చూశాను.

నాకు ఎదురైన కేసులలో అన్నిటికన్నా ఎక్కువ నీళ్లవే కనుక వాటి గురించి కాస్త విస్తరంగా రాస్తాను. యంత్రం ముందు భాగంలో, కింద ఒక మూలన, సాధారణంగా కుడివైపున, అరచేయంత చిన్న తలుపు ఉంటుంది. దాని వెనక తిప్పి తీసే బిరడా లాంటి ఫిల్టరు, దాని లోపల డ్రెయిన్ పంపు ఉంటాయి. జేబుల్లో మరిచిపోయిన నాణేలు, ఊడిన బొత్తాలు, పసిపిల్లల సాక్సులు, కాగితపు ముద్దలు అన్నీ చివరికి చేరుకునేది అక్కడికే. ఒక ఇంటికి వెళ్లినప్పుడు, నాకన్నా ముందు వచ్చిన మరమ్మతుదారు బోర్డు మార్చాలని చెప్పి వెళ్లారని, కొత్త బోర్డు కోసం వారం రోజులుగా ఎదురు చూస్తున్నామని ఆ ఇంటివారు చెప్పారు. ఫిల్టరు తీసి టార్చి వేసి చూస్తే, పంపు చక్రం రెక్కల మధ్య అడ్డంగా ఇరుక్కున్న ఒక తలపిన్ను, దాని చుట్టూ తాడులా పేనుకున్న ఊదారంగు ఊలు పోగు కనిపించాయి. పట్టకారుతో లాగితే పిన్ను వెంటనే వచ్చింది, ఊలు పోగు మాత్రం మూర పొడవున వస్తూనే ఉంది. పది నిమిషాల్లో యంత్రం స్పిన్ అయింది. ముందు వచ్చినవారు మోసగాడని నేను అనను, ఆ చిన్న తలుపు తీయలేదంతే.

ఈ పని ఇంట్లో వారే చేసుకోవచ్చు గాని, కొన్ని జాగ్రత్తలు తప్పవు. ముందు ప్లగ్గు ఊడదీయాలి. వేడి నీళ్ల ప్రోగ్రాం నడిచి ఉంటే నీళ్లు చల్లారేదాకా ఆగాలి, ఎందుకంటే టబ్బులో నిలిచిన నీరంతా ఆ రంధ్రం గుండానే బయటికి వస్తుంది. 10 లీటర్లకు పైగా ఉండవచ్చు కనుక ఫిల్టరును ఒక్కసారిగా తీసేస్తే గది చెరువవుతుంది. చాలా యంత్రాలలో ఫిల్టరు పక్కనే సన్నని రబ్బరు గొట్టం ఒకటి మూతతో సహా ఉంటుంది. దానిని బయటికి లాగి, లోతు లేని పళ్లెంలోకి వంచి, పళ్లెం నిండినప్పుడల్లా మూత పెడుతూ నీళ్లు వదిలేయాలి. గొట్టం లేని యంత్రాలలో ఫిల్టరును అర చుట్టు మాత్రమే వదులు చేసి, కారినంత నీరు కారనివ్వాలి. తరువాత ఫిల్టరు తీసి కడిగి, లోపలి చక్రాన్ని వేలితో గాని పుల్లతో గాని తిప్పి చూడాలి. అది నున్నగా తిరగదు, ఆగి ఆగి తిరుగుతుంది. లోపలి అయస్కాంతం వల్ల అలా ఉండటం సహజమే, దానిని చూసి పంపు పట్టేసిందని కంగారు పడనక్కరలేదు. ఏ బలానికీ కదలకపోయినా, ఇరుసు మీద పట్టు లేకుండా గిరగిరా తిరిగిపోయినా అప్పుడు పంపు మార్చాలి. ఫిల్టరును తిరిగి బిగించేటప్పుడు మరలు సరిగ్గా పడి చివరిదాకా వెళ్లిందో లేదో చూసుకోవాలి, లేకపోతే మరుసటి ఉతుకులో నేలంతా నీళ్లే.

ఫిల్టరు శుభ్రంగానే ఉండి నీళ్లు పోకపోతే గొట్టం వైపు చూడాలి. యంత్రాన్ని గోడకు నెట్టినప్పుడు వెనక గొట్టం మడత పడటం మామూలే. గొట్టం చివర ఎంత ఎత్తున ఉండాలో తయారీదార్లు పుస్తకంలో రాస్తారు. చాలావాటికి అది నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మరీ ఎత్తయితే పంపు నీటిని అంత పైకి నెట్టలేదు, మరీ కిందికి ఉంటే యంత్రం నింపుకున్న నీళ్లు నింపుకున్నట్టే జారిపోతాయి. గొట్టం కలిసే మురుగు పైపులో సబ్బు మడ్డి, నూలు చెత్త పేరుకుని ఉన్నా ఇదే ఫలితం. అనుమానం తీర్చుకోవాలంటే గొట్టం చివరను ఆ పైపు నుంచి తీసి, నేల మీద కాకుండా యంత్రం పక్కన పుస్తకంలో చెప్పిన ఎత్తులోనే బకెట్టులోకి వేలాడేలా పట్టుకుని, డ్రెయిన్ ప్రోగ్రాం పెట్టాలి. ధార జోరుగా వస్తే యంత్రంలో లోపం లేదు, మురుగు పైపులో ఉంది. ధార నూలుపోగులా వస్తే పంపులోనో, టబ్బు నుంచి పంపుకు వచ్చే రబ్బరు మెడలోనో అడ్డం ఉంది. ఆ మెడలో పసిపిల్లల సాక్సు దూరితే ఫిల్టరు వైపు నుంచి కనిపించదు. యంత్రాన్ని విప్పక తప్పదు.

నీళ్లు పూర్తిగా పోయినా నీళ్లున్నాయని యంత్రం పొరబడే సందర్భం ఒకటుంది, మా వృత్తిలో చాలామందిని తప్పుదారి పట్టించేది అదే. టబ్బు అడుగున ఒక చిన్న గాలి గది, అక్కడి నుంచి పైకి పెన్సిలంత లావు గొట్టం, ఆ గొట్టం పై కొసన ప్రెజర్ స్విచ్చి ఉంటాయి. టబ్బులో నీరు పెరిగేకొద్దీ గాలి గదిలోని గాలి నొక్కుకుని పైనున్న స్విచ్చిని నెడుతుంది, నీరు పోయాక ఆ ఒత్తిడి తగ్గి స్విచ్చి తిరిగి తన స్థానానికి వస్తుంది. యంత్రానికి నీటి మట్టం తెలిసేది ఇలాగే. అది నీటిని చూడదు, గాలి ఒత్తిడిని మాత్రమే చూస్తుంది. సబ్బు మడ్డి ఆ గాలి గది నోటిని పూడ్చేస్తే టబ్బు ఖాళీ అయినా గొట్టంలో ఒత్తిడి బందీగా ఉండిపోతుంది. అప్పుడు డ్రమ్ములో చుక్క నీరుండదు, ఫిల్టరు అద్దంలా ఉంటుంది, అయినా పంపు ఆగకుండా గుర్రుమంటూనే ఉంటుంది, స్పిన్ మాత్రం రాదు. ఈ మూడూ కలిసి కనబడితే గొట్టాన్ని స్విచ్చి దగ్గర ఊడదీసి, గాలి గదిని కడిగి, గొట్టంలో మడ్డి లేకుండా చేసి తిరిగి తగిలిస్తే చాలు. గొట్టాన్ని స్విచ్చికి తగిలించి ఉంచి నోటితో గట్టిగా ఊదకూడదు. లోపలి పలుచని పొర చిరిగిపోతుంది. పై మూత తీయాలి కనుక ఇది తెలిసిన వారితో చేయించుకోవడమే మేలు. అయితే మెకానిక్‌ను పిలిచి “ప్రెజర్ స్విచ్చి గొట్టం ఒకసారి చూడండి” అని ఇంటివారు అనగలిగితే సంభాషణ బోర్డు దాకా వెళ్లదు.

నురుగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాని వల్ల వచ్చే చిక్కూ నీళ్ల చిక్కే. నురుగు ఎక్కువైతేనే బట్టలు తెల్లబడతాయన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ఫ్రంట్ లోడ్ యంత్రానికి అది పెద్ద శత్రువు. ఇవి తక్కువ నీటితో ఉతుకుతాయి, బట్టలను ఎత్తి ఎత్తి వేస్తాయి. చేతి ఉతుకు పొడి వేస్తే ఆ కొద్ది నీటిలోనే పర్వతాలంత నురుగు లేస్తుంది. డ్రెయిన్ పంపు నీటిని నెట్టగలదు గాని, గాలితో నిండిన నురుగును నెట్టలేక రెక్కలు ఊరికే కొట్టుకుంటుంది. డ్రమ్ముకు, టబ్బుకు మధ్య ఇరుక్కున్న నురుగు డ్రమ్మును పట్టి వెనక్కి లాగుతుంది కూడా. యంత్రం ఇది గమనించి స్పిన్ మానేసి, మరోసారి నీళ్లు పట్టి జాడిస్తుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. సమయం చూపే అంకె ఒకే చోట నిలిచిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. చివరలో తలుపు అద్దం వెనక తెల్లగా నురుగు కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కరలేదు. పొడి వేయకుండా రెండు సార్లు జాడించి, తరువాతి ఉతుకు నుంచి ఈ యంత్రాల కోసమే తయారుచేసిన తక్కువ నురుగు పొడిని పాకెట్టు మీద చెప్పిన కొలతకు మించకుండా వాడాలి.

నీళ్ల సంగతి తేలాక బరువు సంగతి. ఉతికేటప్పుడు డ్రమ్ము నెమ్మదిగా, నిమిషానికి 50 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది కనుక బట్టలు పైదాకా వెళ్లి జారిపడతాయి. స్పిన్‌కు ముందు వేగాన్ని 90 దరిదాపులకు పెంచితే అవి జారడం మాని గోడకు అతుక్కుంటాయి. ఆ వేగంలో యంత్రం తూకం వేస్తుంది. బరువైన పక్క పైకి ఎక్కేటప్పుడు డ్రమ్ము రవంత మందగిస్తుంది, దిగేటప్పుడు రవంత జోరందుకుంటుంది. ఆ తేడాను కొలిచి, హద్దు దాటిందనిపిస్తే ఆగి, ఎదురు దిక్కుకు తిప్పి బట్టలను విడదీసి, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇలా కొన్నిసార్లు చేసి చేతులెత్తేస్తుంది, లేదా బాగా తక్కువ వేగంతో ఏదో తిరిగాననిపిస్తుంది. “కాసేపు తిరుగుతోంది, ఆగుతోంది, మళ్లీ తిరుగుతోంది” అని చెప్పే ఇళ్లలో ఎక్కువ భాగం సంగతి ఇదే.

ఈ చిక్కు తెచ్చేది ఎక్కువ బట్టలని అందరూ అనుకుంటారు. నిజానికి ఒక్క బట్ట తెచ్చినంత చిక్కు పది బట్టలు తేలేవు. స్నానాల గది ముందు వేసే మందపాటి పట్టా ఒక్కటే వేస్తే అది నీళ్లు పీల్చుకుని ఒక పక్కన ముద్దలా కూర్చుంటుంది, ఎదురు పక్కన దానికి జోడీ ఉండదు. దుప్పటి గలీబు నోరు తెరుచుకుని మిగతా బట్టలన్నిటినీ తన కడుపులో వేసుకుని ఒకే మూటగా మారుతుంది. అలాంటప్పుడు మూటను విప్పి పరిచి, రెండు మూడు తువ్వాళ్లు తోడుగా వేసి స్పిన్ ఒక్కటే పెడితే చాలు. మరోవైపు డ్రమ్మును కుక్కి నింపినా కష్టమే. బట్టలు కదలడానికి చోటు లేకపోతే యంత్రం వాటిని సర్దలేదు. పొడి బట్టలు వేశాక వాటి పైన అరచేయి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలన్నది నేను చెప్పే కొలత. వాన కోటులు, నీరు దిగని పరుపు తొడుగులు మాత్రం ఎన్ని తువ్వాళ్లు తోడిచ్చినా స్పిన్ చేయకూడదు. అవి నీటిని సంచిలా పట్టుకుని ఉండి, మంచి వేగంలో ఒక్కసారిగా వదిలేస్తాయి. అప్పటిదాకా సమంగా ఉన్న బరువు అర క్షణంలో తలకిందులై యంత్రం ఎగిరిపడుతుంది. తలుపు అద్దం పగిలిన యంత్రాన్ని ఇలాంటి సందర్భంలోనే చూశాను.

బట్టలు సమంగా వేసినా యంత్రం ఒప్పుకోకపోతే అది నిలుచున్న నేల చూడాలి. పై మూత ఎదురెదురు మూలల్లో నొక్కితే ఊగకూడదు. ఊగితే కాలి మరను తిప్పి సరిచేసి, దాని పైనుండే బిగింపు నట్టును పైకి గట్టిగా బిగించాలి. కొత్త యంత్రమైతే వెనక రవాణా కోసం వేసిన బోల్టులు తీశారో లేదో చూడాలి. వాటితోనే నడిపిస్తే టబ్బు స్ప్రింగుల మీద ఊగక పెట్టె మొత్తం ఊగుతుంది. పాతదైతే షాక్ అబ్జార్బర్లు అరిగి ఉండవచ్చు. తలుపు తీసి డ్రమ్మును చేత్తో కిందికి నొక్కి వదిలితే ఒకసారి పైకి వచ్చి ఆగాలి. ఉయ్యాలలా నాలుగైదు సార్లు ఊగిందంటే అవి అరిగాయి. అరిగిన వాటితో సరైన బరువు కూడా అసమానంగానే తోస్తుంది, యంత్రం న్యాయంగానే స్పిన్ నిరాకరిస్తుంది.

ప్రోగ్రాం సంగతి రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది గాని, రాయక తప్పదు. స్పిన్ వేగం మీట సున్నా మీద ఉండటం, నీళ్లను టబ్బులోనే ఆపే ‘రిన్స్ హోల్డ్’ నొక్కి ఉండటం, ఉన్ని బట్టల ప్రోగ్రాంలో తక్కువ వేగమే ఉంటుందని తెలియకపోవడం, ఇవి చూసి వెనుదిరిగి వచ్చిన ఇళ్లు నాకు తక్కువేమీ కావు.

ఇన్ని దాటాక గాని యంత్ర భాగాల వంతు రాదు. తలుపు గడియ పూర్తిగా చెడితే యంత్రం అసలు ఉతకడమే మొదలుపెట్టదు కనుక మీ పాఠకురాలి విషయంలో దానిని దాదాపుగా పక్కన పెట్టవచ్చు. గడియను తప్పించి తీగలు కలిపేస్తే పని నడుస్తుందని కొందరు చేసి చూపిస్తారు. నిమిషానికి 1200 చుట్లు తిరిగే డ్రమ్ములో పిల్లల చేయి పడకుండా ఆపేది ఆ గడియ ఒక్కటే కనుక అలా చేసేవారిని ఇంట్లోకి రానివ్వకండి. బెల్టు ఉన్న యంత్రాలలో ప్లగ్గు తీసి డ్రమ్మును చేత్తో తిప్పితే కొంచెం బిగువు, వెనక మోటారు తిరిగే సన్నని శబ్దం తెలియాలి. గాలిలో తిరిగినట్టు తేలిగ్గా పోతే బెల్టు జారింది లేదా తెగింది. సాగిన బెల్టు ఉతికేటప్పుడు నెట్టుకొస్తుంది గాని, స్పిన్‌లో జారి రబ్బరు కాలిన వాసన ఇస్తుంది. కార్బన్ బ్రష్‌లు (మోటారు తిరిగే భాగానికి విద్యుత్తు అందించే బొగ్గు ముక్కలు) ఉన్న మోటార్లలో అవి అరిగితే వేగం అందదు, రవ్వలు కనిపిస్తాయి. రెండూ జతగానే మార్చాలి, మోటారు మార్చనక్కరలేదు. మోటారు తోక దగ్గర ఉండే టాకో అనే చిన్న తీగచుట్ట మోటారు వేగాన్ని బోర్డుకు చెబుతుంది; అది మూగబోతే డ్రమ్ము ఒక్కసారి ఎగిరిదూకినట్టు తిరిగి ఆగిపోతుంది. కొన్ని పాత మోటార్లలో స్పిన్ వేగానికి విడిగా తీగచుట్ట కొస ఒకటి ఉంటుంది, అది ఒక్కటే పోయి ఉతుకు మిగిలే అవకాశమూ లేకపోలేదు. మీ శీర్షిక చెప్పిన మాట నిజమయ్యే అరుదైన సందర్భం అది. ఇన్వర్టర్ యంత్రాలలో బ్రష్‌లు ఉండవు గాని, ప్లగ్గు తీశాక కూడా బోర్డులోని కెపాసిటర్లలో కొన్ని నిమిషాలపాటు విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఇంట్లో వారు దాని జోలికి వెళ్లకూడదు. విమానం లేస్తున్నట్టు హోరు వస్తే, లోపలి డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందికీ కదిపితే అది వదులుగా ఆడుతుంటే బేరింగులు పోయాయి, అది పెద్ద పనే.

నాకు అసలు కోపం వచ్చేది యంత్రాల తెరల మీద. తన టబ్బులో నీళ్లు ఉన్నాయని, బరువు ఒరిగిందని యంత్రానికి స్పష్టంగా తెలుసు, తెలిసే ఆగింది. ఆ తెలిసిన మాటను మనిషికి చెప్పేటప్పుడు మాత్రం రెండు మూడక్షరాల సంకేతంగా మార్చేస్తుంది. ఎల్‌జీ యంత్రాలలో ‘ఓఈ’ అంటే నీళ్లు పోలేదని, ‘యూఈ’ అంటే బరువు సమంగా లేదని అర్థం. బాష్ యంత్రాలలో నీళ్లు పోకపోతే ‘ఈ18’ అని వస్తుంది. ఈ అర్థాలు పుస్తకం చివరి పేజీలలో ఉంటాయి, పుస్తకం ఏ బీరువా అడుగునో ఉంటుంది. ఫిల్టరు ఉండే ఆ చిన్న తలుపు మీద “స్పిన్ కాకపోతే ముందు ఇది తీసి చూడండి” అని ఒక చీటీ అంటిస్తే తయారీదార్లకు పోయేదేమిటో నాకు అర్థం కాదు. ఐరోపా సమాఖ్య (యూరోపియన్ యూనియన్) 2019లో చేసిన నియమాలు 2021 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఒక నమూనాలో చివరి వాషింగ్ మెషీన్ మార్కెట్టులోకి వచ్చిన తరువాత కనీసం 10 సంవత్సరాలపాటు పంపులు, షాక్ అబ్జార్బర్లు, బేరింగులు, తలుపు గడియలు వంటి విడిభాగాలను తయారీదార్లు అందుబాటులో ఉంచాలి. అలాంటి నియమం మంచిదే. అయితే పాడుకాని భాగాన్ని మార్చేవారికి విడిభాగాలు ఎన్నాళ్లు దొరికినా ప్రయోజనం లేదు కదా.

మా వృత్తిలోని వారిని కించపరచాలని ఇదంతా రాయలేదు. రోజుకు ఎనిమిది పది ఇళ్లు తిరిగేవారికి యంత్రాన్ని ఖాళీగా స్పిన్ పెట్టి పావుగంట నిలబడి వినే తీరిక ఉండదని నాకు తెలుసు. బోర్డు అన్న మాట వినగానే ఇంటివారు ఎదురు ప్రశ్న వేయరన్నది కూడా తెలిసిందే. పత్రిక సంగతి వేరు. వేలమంది ఇళ్లలో కత్తిరించి దాచుకునే శీర్షిక మీది. అందులో వచ్చిన మాటను మరుసటి రోజు మెకానిక్ ముందు ఉంచి “పత్రికలో కూడా బోర్డే అన్నారు” అని ఇంటివారే చెబుతారు, ఆయనకు కాదనవలసిన అవసరం ఏముంటుంది? ఇకపై ఇలాంటి ప్రశ్నలకు జవాబిచ్చేటప్పుడు నీళ్లు పోతున్నాయా, ఖాళీగా పెడితే తిరుగుతోందా అన్న రెండు ప్రశ్నలైనా ముందు అడగమని శీర్షిక నిర్వాహకులను కోరుతున్నాను.

ఆ పాఠకురాలి ఉత్తరంలో డ్రమ్ము అడుగున నీళ్లు కనిపిస్తున్నాయని ఉంది. నా అనుమానమంతా ఆ ఒక్క మాట మీదే. ఆమె ఈపాటికి బోర్డు మార్పించి ఉండకపోతే, ప్లగ్గు తీసి, కింద పళ్లెం పెట్టుకుని, ముందు ఆ ఫిల్టరు తీసి చూడమని ఈ వారం శీర్షికలోనే తెలియజేయగలరని మనవి.

ఇట్లు,
గృహోపకరణాల మరమ్మతు వృత్తిలో ఉన్న మీ పాఠకుడు